గుమ్మంలో పేరు

గుమ్మం కడిగే పని ధాత్రిదే. పొద్దున్నే మేడ దిగి వచ్చి, వేడినీళ్ళ బకెట్టు పక్కన పెట్టుకుని, ముందు అద్దాలు తుడిచి, ఆ తర్వాత నేల కడిగేది. ఆ వరసలో కొట్లన్నీ ఒకే కాలంలో కట్టినవి. ఎర్రటి ఇటుక గోడలు, పైన చెక్క చూరు, చూరు కింద కట్టిన సంవత్సరం చెక్కిన రాయి. ప్రతి కొట్టుకీ రెండు పక్కలా పెద్ద అద్దాలు పేవ్‌మెంటు దాకా వచ్చేవి. మధ్యలో తలుపు మాత్రం నాలుగడుగులు లోపలికి ఉండేది. వాన వస్తే దారిన పోయేవాళ్ళు ఆ చోటులో దూరి నిలబడేవాళ్ళు.

కోదండరామ్ గారి కొట్టు ముందు ఆ చోటులో చిన్న చిన్న తెల్ల బిళ్ళలు పరిచి ఉన్నాయి. వాటి మధ్యలో నీలం బిళ్ళలతో ఇంగ్లీషులో ఒక పేరు. ఎ. డబ్ల్యు. పెల్లో అండ్ సన్. పెల్లో ఎవరో, ఆయన కొడుకు ఎవరో ధాత్రికి తెలియదు. పనిలో చేరిన రోజు చూసుకోక ఆ పేరు మీద కాలు వేసింది. వెంటనే వంగి అక్షరాలని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. ఊళ్ళో బడికి వెళ్ళేటప్పుడు పలక మీద కాలు పడినా, దారిలో కాగితం ముక్క మీద కాలు పడినా అలాగే చేసేది. అప్పట్నుంచి లోపలికి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా అద్దం వారగా, పక్కకి తిరిగి, బిళ్ళల అంచు మీద నడిచేది. రెండు చేతుల్లో ట్రేలున్నా అంతే. ఆ నడక చూసి కోదండరామ్ గారి భార్య ఝాన్సీలక్ష్మి గారు పీతలా నడుస్తావేంటే అని నవ్వేవారు.

పక్కకి నడవడం ఈమధ్య కష్టంగా ఉంది. చలి మొదలైందని ఝాన్సీలక్ష్మి గారు తన కూతురు హర్షిణి పాత బూట్లు తెచ్చి ఇచ్చారు. మంచి బూట్లు, లోపల బొచ్చు ఉంది. ఎడమది బొటనవేలి దగ్గర పట్టేస్తుంది. ధాత్రి వేలు ముడుచుకుని నడుస్తూ ఉండేది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి రోజులో ఎంతో మంది ఉండేవాళ్ళు కూడా కాదు.

కోదండరామ్ గారు ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. ఖాళీగా కూర్చోలేక ఎండాకాలంలో ఈ పాత కొట్టు కొని స్వీట్లు, పచ్చళ్ళ షాపు పెట్టారు. దంపతులిద్దరూ పొద్దున కారులో వచ్చి చీకటి పడకముందే వెళ్ళిపోయేవారు. ధాత్రి కొట్టు మీద గదిలో ఉండేది. వీకెండ్ తెలుగువాళ్ళు కార్లలో వచ్చి కజ్జికాయలు, కారప్పూస, గోంగూర పచ్చడి పట్టుకెళ్ళేవాళ్ళు. మిగతా రోజుల్లో ఊరివాళ్ళు అద్దంలోంచి లడ్డూల వైపు చూసి, పలకరింపుగా నవ్వి, ముందుకి పోయేవాళ్ళు. సాయంత్రం వీధి దీపాలు వెలిగేసరికి వరస మొత్తం ఖాళీ. కొన్ని సాయంత్రాలు ధాత్రి స్టవ్ మీద అన్నం పెట్టి, అది ఉడుకుతున్న చప్పుడు వింటూ కిటికీ దగ్గర నిలబడేది.

మంగళవారం, శుక్రవారం పెద్దవాళ్ళని తెచ్చే చిన్న బస్సు ఒకటి ఎదురుగా లైబ్రరీ దగ్గర ఆగేది. దిగినవాళ్ళందరూ లైబ్రరీలోకి వెళ్ళేవాళ్ళు. నీలం కోటు వేసుకున్న ముసలావిడ మాత్రం వాకర్ తోసుకుంటూ రోడ్డు దాటి ఇటు వచ్చేది. కొట్టు గుమ్మంలోకి వచ్చి, వాకర్‌కి బ్రేకు వేసి, వెనక్కి తిరిగి, వీధి వైపు చూస్తూ నిలబడేది. లోపలికి వచ్చేది కాదు. ఏమీ కొనేది కాదు. కాసేపు అలా ఉండి వెళ్ళిపోయేది. రెండు కాళ్ళూ సరిగ్గా ఆ నీలం అక్షరాల మీదే పెట్టి నిలబడుతుందని ధాత్రి గమనించింది. అంత పెద్దావిడ, చూసుకోకుండా అలా తొక్కుతుందేమిటా అనుకునేది.

ఆ శుక్రవారం కోదండరామ్ గారు కౌంటర్లో ఉండగా ఆవిడ వచ్చింది. అదే సమయానికి కారులోంచి ఒక జంట స్ట్రోలర్ దింపుకుంటున్నారు. వీక్‌డేలో కస్టమర్లు రావడమే అరుదు. ఆయన గబగబా తలుపు తెరుచుకుని బయటికి వెళ్ళారు. ఆవిడతో మర్యాదగానే మాట్లాడారు. ఇది కస్టమర్లు వచ్చే దారి అని, మీరు ఇలా ఇక్కడ నిలబడితే ఎవరికైనా తగిలి పడిపోతే తనకి ఇబ్బంది అని, బయట బెంచీ ఉంది కదా అని చెప్పారు. చెబుతూనే వాకర్ పిడి మీద చెయ్యి వేసి దాన్ని మెల్లిగా బెంచీ వైపు తిప్పారు.

ఆవిడ ఆ చెయ్యి వైపు చూసింది. బెంచీ వైపు చూసింది. అవును, బెంచీ ఉంది అన్నట్టు తల ఊపి బయటికి నడిచింది.

ధాత్రి లోపల్నుంచి చూస్తూ చేతిలో లడ్డూ చుట్టడం మర్చిపోయింది. ముసలావిడ బెంచీ మీద కూర్చోలేదు. బస్సు వచ్చేదాకా దాని పక్కన నిలబడే ఉంది.

మధ్యాహ్నం వీర్రాజు వచ్చాడు. బ్రాంప్టన్‌లో ఉంటాడు, టైల్స్ పని చేస్తాడు. వ్యానులోంచి టైల్స్ పెట్టెలు దించి మెట్ల కింద పెట్టి, మోకాళ్ళకి ప్యాడ్లు కట్టుకుని గుమ్మంలో కూర్చుని టేపు పరిచాడు. ఆ పాత బిళ్ళల మీద కొత్త టైల్స్ వేయించాలని వచ్చినప్పట్నుంచీ ఝాన్సీలక్ష్మి గారి పట్టు.

"తవ్వక్కర్లేదు అంకుల్. దీని మీదే పరిచేస్తా. మండే మొదలెడితే సాయంత్రానికి ఫినిష్."

పాత బిల్డింగు కదా, పర్మిషన్ గొడవ రాదా అని అడిగాడు. అద్దాలు, తలుపు, ఇటుక ముట్టుకుంటే తీసుకోవాలట గానీ నేల గురించి ఎవరూ ఏమీ అనలేదని అతని పక్కన గుమ్మంలో నిలబడ్డ కోదండరామ్ గారు చెప్పారు. ఝాన్సీలక్ష్మి గారు కౌంటర్ దగ్గర్నుంచే అందుకున్నారు.

"మూతపడ్డ కొట్టు పేరు గుమ్మంలో పెట్టుకుంటే బేరం ఎక్కణ్ణించి వస్తుందండీ? అందుకే వీక్‌డేస్‌లో ఈగలు తోలుకుంటున్నాం."

"ఈ చలికి ఈగలు కూడా లేవాంటీ," అన్నాడు వీర్రాజు టేపు చుడుతూ.

ధాత్రి కజ్జికాయల డబ్బాలకి స్టిక్కర్లు అతికిస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"అక్షరాలు కదా అంకుల్. వాటి మీద సిమెంటు పోసేస్తారా?"

అడక్కుండా ఆ అమ్మాయి మాట్లాడటం అదే మొదలు. ముగ్గురూ ఇటు తిరిగారు.

"కప్పేస్తే మంచిదేగా. ఇంక తొక్కడమే ఉండదు," అన్నారు కోదండరామ్ గారు.

"కింద ఉన్నాయని మనకి తెలుసు కదా అంకుల్."

అప్పుడు ఆయన ఎడమ కాలు పెల్లో పేరులో మొదటి అక్షరం మీద ఉంది. దాన్ని మెల్లిగా వెనక్కి తీసుకున్నారు.

మరి ఏం చేద్దామంటావు అని అడిగారు. ధాత్రి ముందే ఆలోచించుకున్నట్టు చెప్పింది. ముందు తలుపు మూసేద్దాం. మేడ మెట్ల పక్క తలుపులోంచి కూడా కొట్టులోకి దారి ఉంది కదా, జనం అటు నుంచి వస్తారు. ఆ పేరు చుట్టూ చామంతి కుండీలు పెడదాం. ఇప్పుడు గ్రోసరీ షాపుల ముందు ఎక్కడ చూసినా అవే. గుమ్మంలో చామంతులనేసరికి ఝాన్సీలక్ష్మి గారు కాస్త మెత్తబడ్డారు. పసుపువీ, మెరూన్‌వీ కలిపి పెడదామన్నారు.

"సరే. కానీ ఆ తలుపు మూసే ఉంచాలి," అన్నారు కోదండరామ్ గారు. "మళ్ళీ జనం అటు నడవడం చూశానంటే వీర్రాజుని పిలిపించేస్తా. పెట్టెలు ఇక్కడే ఉంటాయి."

శనివారం పొద్దున కుండీలు వచ్చాయి. సర్దే ముందు ధాత్రి మోకాళ్ళ మీద కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో బిళ్ళల సందుల్లో నల్లటి మట్టి తీసింది. ఒక్కో అక్షరం తేలుతుంటే ముగ్గు వేస్తున్నట్టే అనిపించింది. మధ్యలో కొన్ని అక్షరాలు బాగా అరిగి, బిళ్ళలు కొంచెం గుంటపడి ఉన్నాయి. సన్ అన్న మాట దగ్గర మాత్రం అంత అరగలేదు. కడిగి, తుడిచి, చుట్టూ కుండీలు పేర్చింది. కోదండరామ్ గారు దారి అటు అని బాణం గుర్తు వేసిన కాగితం తలుపు అద్దానికి లోపల్నుంచి టేపుతో అతికించారు.

వీకెండ్ వచ్చినవాళ్ళు చామంతుల ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఒకావిడ ఐడియా ఎవరిదని అడిగితే, ఝాన్సీలక్ష్మి గారు ధాత్రి భుజం మీద చెయ్యి వేసి మా అమ్మాయిదే అన్నారు. ఆ రాత్రి భోంచేస్తూ ధాత్రి ఆ మాట రెండు మూడుసార్లు తలుచుకుంది. ఈ దేశంలో దిగాక తను అన్న ఒక మాట వల్ల ఏదైనా జరగడం ఇదే.

మంగళవారం బస్సు ఆగేసరికి ధాత్రి పక్క తలుపులోంచి బయటికి వచ్చి నిలబడింది. ముసలావిడకి చూపించాలనుంది. ఇకనుంచి మీరూ చూసుకోకుండా తొక్కక్కర్లేదు అని చెప్పాలనుంది. ఇంగ్లీషులో ఎలా చెప్పాలో మేడ మీదే సరిచూసుకుని దిగింది.

ఆవిడ రోడ్డు దాటి పేవ్‌మెంటు ఎక్కి ఆగిపోయింది. కుండీల్ని చూసింది, అద్దం మీద కాగితం చూసింది. మొన్న ఈ కొట్టాయన వాకర్ తిప్పిన వైపు, బెంచీ వైపు చూసింది.

"నా కోసం ఇంత పని చేశారా?" అంది.

తనని రానివ్వకుండా పెట్టారని ఆవిడ అనుకుంటోందని ధాత్రికి ముందు అర్థం కాలేదు. కాదు కాదు అంటూ దగ్గరికి వెళ్ళి, పేరు ఎవరూ తొక్కకుండా ఉండాలని పెట్టామని చెప్పింది.

"ఎవరూ తొక్కకుండానా?"

అవునని ధాత్రి తల ఊపింది. ముసలావిడ వాకర్ సీటు మీద కూర్చుంది. చేతికి ఉన్న గ్లవ్స్ ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత మెల్లిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

తన పేరు విన్నీ పెల్లో. ఆ ఎ. డబ్ల్యు. తన తండ్రి. ఇది ఆయన చెప్పుల కొట్టు. పెళ్ళయిన ఏడాదే కొట్టు పెట్టి, కొడుకు పుడతాడని నమ్మి నేలలో అండ్ సన్ అని కూడా వేయించాడు. తను పుట్టింది. తర్వాత ఇంకెవరూ పుట్టలేదు. బిళ్ళలు మార్పించమని తల్లి అంటే, అతికినవి ఎందుకు పీకడం, ఇదే మన సన్ అని తనని ఎత్తుకుని చూపించేవాడు. చెబుతూ ఆవిడ నవ్వింది. తండ్రి పోయాక చాలా ఏళ్ళు కొట్టు తనే నడిపింది.

"మా నాన్న పేరు అక్కడ వేయించింది తొక్కడానికే. కొత్త బూట్లు వేసుకున్న పిల్లల్ని మొదటి అక్షరం మీద నిలబెట్టేవాడు. చివరి అక్షరం దాకా నడవమనేవాడు. ఎక్కడ పట్టేస్తుందో నడకలో తెలిసిపోయేది. అలా నడవకుండా ఎవరికీ బూట్లు అమ్మలేదు. పేరు అరిగితే ఆయనకి ఎంత సంతోషమో."

ధాత్రి కుండీల మధ్య గుంటపడ్డ అక్షరాల వైపు చూసింది.

"నా మొదటి బూట్లు కూడా అక్కడే నడిచి చూసుకున్నాను," అంది విన్నీ. "ఈ మధ్య ఎక్కడ నిలబడినా కాళ్ళు వణుకుతాయి. అక్కడ నిలబడితే వణకవు. అది నా భ్రమే అయి ఉండొచ్చు." బిళ్ళల అంచు వైపు చూపించింది. "వచ్చినప్పుడల్లా నిన్ను చూస్తాను. మా పేరు మీద కాలు పడకుండా అంచు మీద నడిచిపోతావు. మేమంటే ఎందుకో గిట్టదు కాబోలు అనుకున్నాను."

ధాత్రి నోరు తెరిచింది. మేడ మీద సరిచూసుకున్న ఇంగ్లీషులో ఇది లేదు. వంగి నేలని తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుని చూపించింది. అక్షరాలు, దేవుడు, అని ఏవో రెండు మాటలంది. విన్నీ ఆమె చేతినే చూసింది. అర్థమయిందో లేదో తెలియలేదు. ఎదురుగా బస్సు హారన్ కొట్టింది. ఆవిడ గ్లవ్స్ తొడుక్కుని, పువ్వులు బాగున్నాయి అని చెప్పి, ఎక్కడా నిలబడకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ధాత్రి కిటికీలోంచి కిందికి చూస్తే చామంతుల తలలే కనిపించాయి, పేరు కనిపించలేదు. తను కాపాడాననుకున్నది దేన్నో ఆలోచించింది. తలుపు తెరిస్తే అంకుల్ టైల్స్ వేయించేస్తారు. తెరవకపోతే పేరు ఉంటుంది, ఆవిడ రాదు. ఏది చేసినా విన్నీ పెల్లోకి నిలబడే చోటు పోతుంది. బుధవారం ఈ మాట ఝాన్సీలక్ష్మి గారితో చెప్పబోయింది. ఆవిడ ఫోన్లో ఎవరికో చామంతుల గురించే చెబుతున్నారు. గురువారం కోదండరామ్ గారి పక్కన నిలబడి జంతికలు తీస్తూ రెండుసార్లు అంకుల్ అని పిలిచింది. రెండుసార్లూ నూనె గురించి అడిగి ఊరుకుంది.

శుక్రవారం పొద్దున కిందికి వచ్చేసరికి కుండీల అంచుల మీద మంచు తెల్లగా గడ్డ కట్టింది. ధాత్రి బకెట్టు పక్కన పెట్టి ఒక కుండీ ఎత్తింది. తర్వాత ఇంకొకటి. అన్నీ గోడ వారగా చేర్చింది. లోపలికి వెళ్ళి ముందు తలుపు గడియలు పైదీ కిందిదీ తీసింది. వేడినీళ్ళతో నేల కడిగి, జారకుండా పొడిగుడ్డతో తుడిచింది. అది అయ్యేసరికి కోదండరామ్ గారి కారు వచ్చి ఆగింది. ఆయన ఒక్కరే ఉన్నారు, చేతుల్లో మైసూర్‌పాక్ ట్రే.

"ఎవరు తీయమన్నారు?"

"నేనే తీశానంకుల్."

"నేనేం చెప్పాను?"

"అది చెప్పుల కొట్టంట అంకుల్. పిల్లలు కొత్త బూట్లేసుకుని ఆ పేరు మీద నడిచి చూసుకునేవాళ్ళంట. ఆ వాకరావిడ వాళ్ళ నాన్న పేరది." మిగిలింది కూడా చెప్పేసింది. "తొక్కకూడదన్నది నేనే. తప్పు నాదే. టైల్స్ వేయిస్తే వేయించండి. ఈ ఒక్క రోజు మాత్రం ఆవిడని నిలబడనివ్వండి."

కోదండరామ్ గారు ట్రే పట్టుకుని కొంచెంసేపు నేల వైపు చూశారు. గుంటపడ్డ అక్షరాలని కళ్ళతోనే కొలుస్తున్నట్టు ఒక చివర్నుంచి ఇంకో చివరికి చూశారు.

"నడిపించి చూసేవాడా," అన్నారు తనలో తను. "ఫ్యాక్టరీలో మేమూ అంతే. లైను దిగిన బండిని ఒకసారి నడపకుండా గేటు దాటనిచ్చేవాళ్ళం కాదు."

ముందు తలుపు దాకా వెళ్ళారు గానీ అందులోంచి వెళ్ళలేదు. వెనక్కి వచ్చి పక్క తలుపులోంచే లోపలికి వెళ్ళారు. ఆయనది కోపమో కాదో ధాత్రికి తెలియలేదు.

బస్సు వచ్చింది. అందరూ దిగి లైబ్రరీలోకి వెళ్ళారు. నీలం కోటు చివర్న దిగింది. ఆవిడ కూడా లైబ్రరీ మెట్ల వైపే తిరిగింది. ధాత్రి పేవ్‌మెంటు అంచుకి వచ్చి చెయ్యి ఎత్తింది. పిలవడానికి ఏమని పిలవాలో తెలియలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచింది. ఆవిడ చూసి, చాలాసేపు ఆగి, రోడ్డు దాటింది.

పేవ్‌మెంటు ఎక్కాక మళ్ళీ ఆగిపోయింది. కుండీలు గోడ పక్కకి వెళ్ళాయని చూసింది. అద్దం మీద కాగితం ఇంకా అలాగే ఉందనీ చూసింది. ముందుకి రాలేదు.

ధాత్రి గుమ్మం వైపు తిరిగింది. అంచు మీదికి వెళ్ళబోయిన కాలుని ఆపుకుని, తీసుకెళ్ళి మొదటి అక్షరం మీద పెట్టింది. ఒళ్ళు జలదరించింది. రెండో కాలు పెట్టింది. ఒక్కొక్క అక్షరం మీద అడుగు వేస్తూ, తల వంచుకుని, చివరి అక్షరం దాకా నడిచింది. అక్కడ తిరిగి నిలబడింది.

విన్నీ పెల్లో ఆమె ముఖం చూడటం లేదు. కాళ్ళు చూస్తోంది.

"మళ్ళీ నడువు," అంది.

ధాత్రి మళ్ళీ నడిచింది, ఈసారి ఆవిడ వైపు.

"ఎడమది పట్టేస్తోంది. ఎన్నాళ్ళయింది?"

చలి మొదలైనప్పట్నుంచీ అని ధాత్రి చెప్పింది.

విన్నీ వాకర్ తోసుకుంటూ లోపలికి వచ్చి, అక్షరాల మీద ఆగి, బ్రేకు వేసింది. లోపల అద్దం వెనక కోదండరామ్ గారు కనిపించారు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, గోటితో టేపు గీకి కాగితం ఊడదీస్తున్నారు. తలుపు సందులోంచి ఆయన మాట వినిపించింది. "ఆ టైల్స్ వంటింట్లో వేయిద్దాంలే ఝాన్సీ. అబ్బా, వచ్చాక చెప్తాగా."

ముసలావిడ ఒక చేత్తో వాకర్ పట్టుకుని మెల్లిగా వంగింది. ఎముకలు పలికాయి. చెయ్యి చాచి బొటనవేలితో ధాత్రి ఎడమ బూటు కొనని నొక్కి చూసింది. అంత పెద్దావిడ తన కాలు ముట్టుకోవడంతో ధాత్రి ఉలిక్కిపడి వెనక్కి జరగబోయింది.

"కదలకు," అంది విన్నీ, ఇంకోచోట నొక్కుతూ. "వేలు చాపు."

పెల్లో పేరు మీద నిలబడి, ధాత్రి ముడుచుకున్న వేలు చాపింది.